నవ్వుకు ధ్రువపత్రం

పాఠశాల గ్రంథాలయాల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గ్రంథాలయ గదిలోని పచ్చ బీరువాకు వేసిన తాళం తీయించి, అందులో ఉన్న ఒక నవ్వుల పుస్తకాన్ని ఏడో తరగతి పిల్లల చేతికి ఇప్పించుట గురించి.

సూచిక: "సున్నిత అంశములు గల బాలసాహిత్యము – భద్రపరచు విధానము" అను తమ సర్క్యులర్.

నేను బజారు మలుపులో పాతికేళ్ళుగా తాళాల కొట్టు నడుపుతూ, సాయంత్రాలు సభల్లో మైకు పట్టుకుని జనం హక్కుల గురించి మాట్లాడేవాడిని. సదరు బీరువాకు తాళం బిగించింది కూడా నేనే. ఈ రెండో సంగతి దాచి అర్జీ రాయడం న్యాయం కాదు కాబట్టి ముందే ఒప్పుకుంటూ మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. అక్షరాలు దాని కళ్ళ ముందు కుదురుగా నిలబడవు. అది ఒక లైను చదివేలోపు క్లాసంతా పేజీ తిప్పేస్తుంది. అందుకని దానికి నత్త అని పేరు పెట్టారు. హాజరు పట్టీలో వేరే పేరుంది గానీ దాన్ని టీచర్లు వాడేది తిట్టేటప్పుడే. ఆరేళ్ళుగా ఒకరు బద్ధకం అన్నారు, ఒకరు శ్రద్ధ లేదన్నారు. లెక్కల మాస్టారైతే "తాళాలవాడి కూతురు కదా, బుర్రక్కూడా తాళమే" అని క్లాసంతటినీ నవ్వించారు. ఆ నవ్వు మీద తమ శాఖ నుంచి ఏ సర్క్యులరూ వచ్చినట్టు నాకు జ్ఞాపకం లేదు.

2. ఈ ఏడు బడికి కొత్త పుస్తకాలు వచ్చాయి. అందులో "నా అక్షరాలు నా మాట వినవు" అనేది ఒకటి. అరవై నాలుగు పేజీలు. చదవడం రాని ఒక పిల్ల బడి కథ. రాసినావిడ కూడా చిన్నప్పుడు అలాంటి పిల్లేనట. తమరు చదవలేదు కాబట్టి క్లుప్తంగా విన్నవిస్తాను. ఆ పిల్ల పుస్తకం తెరవగానే అక్షరాలు బల్ల కిందికి దూరి దాక్కుంటాయి. టీచరు చదవమంటే, "మంచినీళ్ళకి వెళ్ళాయండీ, వచ్చాక చదువుతా" అంటుంది. ఎడమేదో కుడేదో తెలియని ఆ పిల్లని పొడుగ్గా ఉందని కవాతుకి ముందు నిలబెడతారు. అది మూడు వందల మందినీ, డప్పులతో సహా, తిన్నగా హెడ్మాస్టరు వాడుకునే మరుగుదొడ్డిలోకి నడిపిస్తుంది. ముందున్నవాళ్ళు ఆగిపోయారు. వెనకవాళ్ళకి ఆ సంగతి తెలియదు, తోసుకుంటూ వస్తూనే ఉన్నారు. లోపల హెడ్మాస్టరున్నాడు.

ఇక్కడికి ఇరవై రెండో పేజీ అయిపోతుంది. తరవాత ఏమైందో నాకు తెలియదు. మా అమ్మాయికీ తెలియదు. ఈ అర్జీకి మూలకారణం అదే.

3. ఈ ఇరవై రెండు పేజీలు చదవడానికి దానికి తొమ్మిది రోజులు పట్టింది. తమకిది చిన్న సంగతి. పుట్టి బుద్ధెరిగాక తనంతట తాను చదివిన పేజీలన్నీ కలిపినా అన్ని లేవు. కొట్లో నా పక్కన స్టూలు మీద కూర్చుని, వేలు పెట్టి చదువుతూ, ఉన్నట్టుండి కిసుక్కుమనేది.

"ఏంటే?"

"ఆగు నాన్నా, మరుగుదొడ్డిలో అరవైమంది ఉన్నారు. ఇంకా వస్తున్నారు."

చదివినంతవరకూ గుర్తుకి ఒక పాత తాళంచెవిని పేజీల మధ్య పెట్టుకునేది.

4. ఒక బుధవారం తమరు తనిఖీకి వచ్చారు. గ్రంథాలయ గదిలో ఒక పిల్ల నిలబడి ఉంది, ముప్పైమంది పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. "ఏమిటీ గోల?" అని తమరు అడిగారు. లైబ్రరీ టీచరమ్మ పుస్తకం సంగతి చెప్పింది. "లోపమున్న పిల్లని నిలబెట్టి నవ్వుతారా?" అని తమరు కోప్పడి, వేసిన కుర్చీలో కూర్చోకుండానే వెళ్ళిపోయారు.

అయ్యా, ఆ నిలబడిన పిల్ల మా అమ్మాయి. తాను చదివిన కథ తనే చెబుతోంది. వాళ్ళు దాన్ని చూసి నవ్వడం లేదు, అది వాళ్ళని నవ్విస్తోంది. ఈ రెండింటికీ తేడా తెలియడానికి ఒక్క నిమిషం కుర్చీలో కూర్చుంటే సరిపోయేది. ఆరేళ్ళలో మొదటిసారి క్లాసు దాని వైపు తిరిగింది. అదే నిమిషంలో తమరు తలుపు తీశారు.

5. శుక్రవారానికల్లా సర్క్యులర్ దిగింది. కారుతున్న బడి పైకప్పు గురించి తల్లిదండ్రులందరం రాసిన ఉత్తరానికి మూడేళ్ళయినా జవాబు లేదు. నవ్వుకి మాత్రం రెండు రోజుల్లో జవాబొచ్చింది. దాని ప్రకారం ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయాలి. అభ్యసన వైకల్య ధ్రువపత్రం ఉన్న విద్యార్థికి మాత్రమే ఇవ్వాలి.

ధ్రువపత్రం ఇచ్చే డాక్టరు పెద్దాసుపత్రిలో గురువారాలు మాత్రమే కూర్చుంటాడు. మాకు ఎనిమిది నెలల తరవాత తేదీ వేశారు. దరఖాస్తు నాలుగు పేజీలు. దాన్ని అభ్యర్థి స్వహస్తాలతో, కొట్టివేతలు లేకుండా నింపవలెనట. అంటే రాయడం రాదని నిరూపించుకోవాలంటే ముందు నాలుగు పేజీలు తప్పుల్లేకుండా రాయాలి. పోనీ, తిప్పలు పడి తెచ్చుకున్నామే అనుకోండి. ధ్రువపత్రం ఉన్న పిల్లల్ని గ్రంథాలయం పీరియడులో ప్రత్యేక తరగతికి పంపాలని తమదే ఇంకో సర్క్యులర్ ఉంది. పత్రం ఉన్నవాళ్ళు ఆ గదిలోకి రారు, ఆ గదిలోకి వచ్చేవాళ్ళకి పత్రం ఉండదు. పుస్తకం మాత్రం చాలా భద్రంగా ఉంది. ఈ ఏర్పాటు చేసినవారి తెలివికి నా వృత్తిపరమైన జోహార్లు. పాతికేళ్ళలో ఇంత గట్టి తాళం నేను కూడా చేయలేకపోయాను.

6. ఇక నా తప్పు. శనివారం ఉదయం బడి నుంచి కబురొస్తే సంచీ తీసుకుని వెళ్ళాను. పచ్చ బీరువా చూపించారు. "ఏం పెడతారు ఇందులో?" అని అడగలేదు. ఇరవై నిమిషాల్లో బిగించి, గట్టిగా లాగి చూపించి, "ఏనుగు లాగినా రాదండీ" అని గొప్పలు పోయి వచ్చాను.

సోమవారం సాయంత్రం మా అమ్మాయి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"పచ్చ బీరువా తాళం నువ్వే వేశావా?"

"అవునే, ఏం?"

 సంచీ అక్కడే పడేసి లోపలికి పోయింది. సంగతి దాని నోటి నుంచి లాగి చెప్పింది మా ఆవిడే. "ఊరందరికీ ప్రశ్నించండి, ప్రశ్నించండి అని మైకులో ఉపన్యాసాలు దంచుతావు. లోపల ఏం పెడతారని నువ్వు ఒక్క ప్రశ్న అడగలేకపోయావూ?" అంది. 

ఆ రోజు నుంచి మా అమ్మాయి కొట్టుకి రావడం మానేసింది. కళ్ళు మూసుకుని, తాళంచెవి పళ్ళు తడిమి అది ఏ తాళానిదో నాకంటే ముందు చెప్పే పిల్ల. ఈ విద్యకి ధ్రువపత్రం ఏ ఆసుపత్రిలో ఇస్తారో తెలిపిన యెడల కృతజ్ఞుడను.

7. తమ కార్యాలయానికి మూడుసార్లు వచ్చాను. తమ గుమాస్తా గారు మంచివారే, కుర్చీ చూపించారు.

"పుస్తకమే కదా, బయట కొనుక్కోండి బాబూ."

"నాలుగు కొట్లు తిరిగానండీ. అచ్చు వేసిన ప్రతులన్నీ అయిపోయాయట. ఉన్నా, నేను కొంటే మా అమ్మాయి ఒక్కతే చదువుతుంది. దానికి కావాల్సింది క్లాసుతో కలిసి నవ్వడం."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "అయినా తాళాలవాడివి నువ్వే కదయ్యా. నీకో లెక్కా?"

లెక్క కాదు. ఆ తాళం నాకు అర నిమిషం పని. కానీ మా కొట్లో ఒక పద్ధతుంది. మా నాన్న నాటి నుంచీ, "ఇది నాది, తెరవమని నేనే చెబుతున్నాను" అని యజమాని చీటీ రాసి సంతకం పెడితే తప్ప పరాయి తాళం మీద చెయ్యి వేయం. దొంగకీ మాకూ తేడా ఆ చీటీయే.

కావున, తమరు సదరు చీటీ ఇప్పించగలరు. కూలి అక్కర్లేదు. పిల్లల మనసు నొచ్చుకుంటుందని తమకి నిజంగా బెంగ ఉంటే లెక్కల మాస్టారి నోటికి తాళం వేయించండి, అదీ ఉచితంగానే బిగిస్తాను. ఏ పిల్లకి ఏ పుస్తకం చూసి నవ్వొచ్చినా దాని రోగమేమిటని అడగకుండా ఉండే రోజు తమ హయాంలోనే రావాలని కోరుకుంటూ, ఇంతవరకు తాళం మాత్రమే చిత్తగించిన తమరు ఇకనైనా పుస్తకం చిత్తగించవలెనని ప్రార్థిస్తున్నాను.

తాళాల విషయంలో మాత్రం
తమ విధేయుడు,
బజారు మలుపు తాళాలవాడు

మరొక్క మాట: పై అర్జీ రాసి కవరులో పెడుతుండగా మా అమ్మాయి పద్దెనిమిది రోజుల తరవాత కొట్లోకి వచ్చింది.

"ఆ పుస్తకాలు ఎవరి కోసం కొన్నారు నాన్నా?"

"పిల్లల కోసం."

"అయితే అవి ఎవరివి?"

పాతికేళ్ళుగా వేదికలెక్కి నేను అరుస్తున్నది ఇదే ప్రశ్న. జవాబు తడుముకోవాల్సిన పని లేదు. "మీవే" అన్నాను.

చీటీల పుస్తకం లాక్కుని స్టూలు మీద కూర్చుంది. రెండు వాక్యాలకి నలభై నిమిషాలు పట్టింది. "ఈ బీరువాలోవి మావి. తాళం తియ్యి." అక్షరాలు కొన్ని అటు తిరిగాయి, కొన్ని ఇటు తిరిగాయి, ఒకటి కనిపించకుండా పోయింది. మంచినీళ్ళకి వెళ్ళి ఉంటుంది. సంతకం పెట్టి, మర్నాడు బడికి తీసుకెళ్ళి, క్లాసు మొత్తం ముప్పై ఒక్క సంతకాలతో తెచ్చింది. నకలు జత చేశాను.

యజమానుల చీటీ వచ్చాక పని కాదనడం మా వృత్తిలో లేదు. వచ్చే సోమవారం మూడో పీరియడుకి, పట్టపగలు, పనిముట్ల సంచీతో బడికి వెళుతున్నాను. తమరు కూడా దయచేయండి. ఇరవై మూడో పేజీ నుంచి మా అమ్మాయే చదువుతుందట. చాలా సేపు పడుతుంది. ఈసారి కుర్చీలో కూర్చోండి.