సగమైపోయే రాగి

తాతయ్యకు నమస్కారాలు.

నా పనేమిటో రాయమన్నావు. నికెల్ రేకును యంత్రంలో పెట్టి కిరణాలు తగిలిస్తే, అందులో కంటికి ఆననంత రాగి పుడుతుంది. రేకును యాసిడ్‌లో కరిగించి ఒక గొట్టంలోంచి దించితే, నికెల్ నీళ్ళు జారిపోయి రాగి గొట్టంలో నిలుస్తుంది, దాన్ని ఆసుపత్రికి పంపుతాం. సూదిమందులో ఎక్కిస్తే ఒంట్లో గడ్డ ఎక్కడుందో ఫొటోలో తెలుస్తుంది. చిక్కల్లా ఒకటే, పన్నెండు గంటలు దాటేసరికి ఆ రాగి సగమైపోతుంది.

రెండుసార్లు చేశాం, సరిపడా రాలేదు. నెలాఖరు శుక్రవారం మూడోసారి. అదీ తప్పితే మా గదికి తాళమేనని పెద్దసారు చెప్పారు.

నీ మనవరాలు

తా.క.: నువ్వు కొట్లో బంగారం శుద్ధి చేసినట్టే. కాకపోతే నేను సీసపు గోడ చాటున నిలబడతాను.


అమ్మడికి దీవెనలు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. యాభై ఏళ్ళు బంగారం కరిగించాను. చెయ్యి పడందే లోహం తగ్గదు. మీ పెద్దసారు జుట్టు పెంచుతాడా? మా రోజుల్లో కాజేసిన బంగారప్పొడి అక్కడే దాచేవాళ్ళు.

తాత

తా.క.: నువ్వు గోడ చాటున నిలబడితే వాళ్ళు తియ్యక ఏం చేస్తారు.


తాతయ్యా,

ఎవరూ తియ్యడం లేదు. కిరణాలు చిమ్ముకుంటూ దానంతటదే తరుగుతుంది. ఆ తరుగు పోను ఉండాల్సింది కూడా కనబడటం లేదు, అదీ నా ఏడుపు. పెద్దసారు బంగారంలాంటి మనిషి. ఇంకెక్కడా ఈ మాట అనకు.

నీ మనవరాలు

తా.క.: ఆయనది నున్నటి బట్టతల.


అమ్మడికి,

బంగారంలాంటి మనిషి అన్నావు. గీటురాయి మీద గీస్తేగాని తెలియదు. జుట్టు లేకపోతే జేబులున్నాయి.

ఎదురుగా అయితే నాకు నోరు పెగలదు. కాగితం మీద భయం లేదు. అందుకని ఆయనకే రాశాను. పని కాగానే అందరూ అంగీలు దులపాలి, కడుగునీళ్ళు పరీక్షించకుండా పారబొయ్యకూడదు అని. మా కొట్లో నేనూ దులిపినవాణ్ణే.

తాత

తా.క.: మర్యాదగానే రాశాను. దొంగ అనే మాట ఒక్కసారే వాడాను.


తాతయ్యా,

శుక్రవారం పొద్దున్నే పెద్దసారు నీ ఉత్తరం అందరి ముందు చదివారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సాయంత్రానికి రాగి మళ్ళీ తక్కువే. పెద్దసారు గదికి వెయ్యడానికి తాళం చేతిలోకి తీసుకున్నారు, ఆగారు. "ఇరవై ఏళ్ళలో పారబోసేది కొలవాలని నాకు తట్టలేదమ్మా. ఆ నికెల్ నీళ్ళు ఇటు తే," అన్నారు.

కిరణాలు కొలిచే మీటరు పెట్టగానే చెవులు చిల్లులు పడేలా మోగింది. రాగి అంతా అందులోనే ఉంది. యాసిడ్ పలచనై, గొట్టంలో నిలవాల్సిన రాగి నికెల్‌తోపాటు జారిపోయింది. ఆ నీళ్ళలోనే గాఢమైన యాసిడ్ కలిపి మళ్ళీ దించాం. ఈసారి నికెల్ ఒక్కటే జారింది. నూటికి తొంభై ఆరు పాళ్ళు రాగి చేతికొచ్చింది.

మర్నాడు పదకొండుమందికి ఫొటోలు తీశారు. ఒకావిడకు కోత అక్కర్లేదని తేలిందట. మా గది ఉంటుంది. పెద్దసారు నీకు నమస్కారాలు చెప్పమన్నారు.

నీ మనవరాలు

తా.క.: దొంగ ఎవరో రాయలేదు కదూ. ఆ మూడుసార్లూ యాసిడ్ కలిపింది నేనే.