వెనక ఎడమ కిటికీ

అన్నయ్యకు వందనాలు.

నాన్న అంబాసిడర్‌ని బందరులో బాగు చేయిస్తున్నాను. కిటికీ అద్దాల చుట్టూ ఉన్న పాత రబ్బరు పీకుతూ, మెకానిక్ ఖలీల్ గారు వెనక ఎడమ కిటికీ దగ్గర ఆగిపోయారు. "దీన్నెవరో పిల్లాడు కొరికాడమ్మా" అన్నారు. చూస్తే చిన్న చిన్న పళ్ల గాట్లు, మధ్యలో అచ్చం నీ ముందుపళ్ల సందే.

నాన్న నిన్నెప్పుడూ కారెక్కించలేదంటావు కదా. నీకు గుర్తులేని వయసేమో.

ఆ కిటికీ పక్కన కాసేపు కూర్చున్నాను. కారు షెడ్డులోంచి కదల్లేదు గానీ, మంగినపూడి బీచి ఉప్పుగాలి మొహానికి తగిలింది. నువ్వు సీటు మీద నిలబడి రబ్బరు కొరుకుతున్నావు. "ఒరేయ్, కొరక్కురా" అంటూ నాన్న నవ్వుతున్నారు.

మూడు కిటికీలకి కొత్త రబ్బరు వేయించాను. ఆ ఒక్కటీ ఉంచేయమన్నాను. వానొస్తే లోపలికి నీళ్లొస్తాయన్నారు ఖలీల్ గారు. రానివ్వండన్నాను.

నువ్వూ రా.

నీ చెల్లి