వద్దండీ, ఇప్పుడే తాగాను

జూన్ 3

మూడు నెలల షుగర్ తొమ్మిది పాయింట్ నాలుగు. ఏడున్నర లోపు ఉండాలి. డాక్టర్ బిళ్లలు రాశాడు. సెప్టెంబర్ మొదటి వారంలో మళ్లీ టెస్ట్. అప్పటికి దిగకపోతే ఇంజెక్షన్లు మొదలుపెడదామన్నాడు. రోజూ, పొట్టలోకి. నాకు సూది చూస్తేనే కాళ్లు చల్లబడతాయి. ఇవాళ రక్తం తీసిన అమ్మాయి నా మొహం చూసి ముందే పడుకోబెట్టింది.

రోజుకు ఎన్ని టీలు అని అడిగాడు డాక్టర్. రెండు అన్నాను. పక్కన మా ఆవిడ కూర్చుని ఉంది.

నా ఉద్యోగం ఇంటింటికీ తిరిగి హెల్త్ సర్వే ఫారాలు నింపడం. అలవాట్ల మీద ఇరవై రెండు ప్రశ్నలు. పద్నాలుగోది: రోజుకు ఎన్నిసార్లు టీ, కాఫీ తాగుతారు? పందొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్నకు అందరూ రెండు అనే చెబుతున్నారు. ఎందుకో ఇవాళ తెలిసింది.

జూన్ 4

ఇంట్లో పంచదార డబ్బా అటకెక్కింది. మా ఆవిడ నా మేనమామ కూతురు. మాటలు వచ్చినప్పటి నుంచి నన్ను నువ్వు అనే అంటుంది. పంచదార లేకుండా తాగు బావా, లేకపోతే మానెయ్ అంది. తాగను పో అన్నాను. ఇంట్లో లెక్క సున్నా.

బయట పదహారు. పదహారు ఇళ్లు, పదహారు టీలు. ప్రతి ఇంట్లోనూ వద్దనే అన్నాను. చిక్కంతా అక్కడే ఉంది. మొదటిసారి వద్దండీ అంటే, మనిషి మర్యాదస్తుడని అర్థం. రెండోసారి వద్దండీ, ఇప్పుడే తాగాను అంటే, అర కప్పు చాలని అర్థం. మూడోసారి నోరు తెరిచేలోపు గ్లాసు చేతిలో ఉంటుంది.

జూన్ 5

పదిహేను. ఒక ఇంటికి తాళం.

జూన్ 11

ఇవాళ అండీ తీసేశాను. వద్దు అన్నాను, అంతే. మొదటి ఇల్లు ఒక రిటైర్డ్ టీచరమ్మది. కప్పునీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఏం, మా కప్పులు శుభ్రంగా లేవా అంది. తర్వాత తొమ్మిది ప్రశ్నలకు వరసగా తెలియదు అంది, వయసుతో సహా. రెండో ఇంట్లో ఇల్లాలు గ్లాసు వెనక్కి తీసుకుపోయింది. మన టీ పనికిరానివాడికి మన జబ్బులెందుకట అని లోపలి గదిలోంచి ఆవిడ భర్త అన్నాడు. సాయంత్రానికి పదకొండు ఫారాలు సగం ఖాళీ.

జూన్ 12

మా సూపర్‌వైజర్‌ను ఆఫీసులో టిక్కుమార్కు అంటారు. ఖాళీ ఫారాలు తిరగేసి, ఏంటయ్యా, సర్వేకి వెళ్లావా తగాదాకి వెళ్లావా అన్నాడు. వాళ్లు పోసింది తాగితేనే వాళ్లు నోరు విప్పుతారు, ఇన్నేళ్ల సర్వీసు తర్వాత కూడా ఇది నేను చెప్పాలా అన్నాడు. చెబుతూ నా ముందుకు ఒక టీ జరిపాడు.

తాగాను.

జూన్ 20

మా ఫారంలో ముప్పై ఒక్క జబ్బులున్నాయి. మొహమాటం లేదు. రెండుసార్లు వెతికాను.

ఈ వారం ఆడిన అబద్ధాలు. టీ అలవాటు లేదండీ అంటే పాలు వచ్చాయి, రెండు చెంచాలతో. కడుపులో బాగాలేదండీ అంటే గ్లూకోజు. చివరికి నిజానికి దగ్గరగా వచ్చి, పంచదార లేకుండా ఇవ్వండి అన్నాను. అయ్యో, మా ఇంట్లో పంచదారకు కరువొచ్చిందా అని ఆ ఇంటి ఇల్లాలు ఇంకో చెంచా ఎక్కువ వేసింది.

జూలై 2, మధ్యాహ్నం 12

ఒక టైలర్ ఇంట్లో వాళ్లమ్మ గ్లాసు పట్టుకుని నిలబడింది. ఎండ, విసుగు. నాకు షుగరమ్మా అనేశాను. ఆఫీసులో కూడా ఎవరికీ చెప్పని మాట.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. గుమ్మం వైపు ఒకసారి చూసి, నాక్కూడా నాయనా, కోడలికి తెలీదు అంది. పద్నాలుగో ప్రశ్న దగ్గర రెండు కొట్టేయించి ఏడు వేయించింది. బిస్కెట్లు ఎక్కడ దాస్తుందో కూడా చెప్పింది. ఫారంలో దానికి గడి లేదు.

జూలై 3

అన్ని ఇళ్లలోనూ అదే మాట చెప్పాను. పదిహేడు ఇళ్లకు పదకొండింట్లో షుగర్ ఉంది. పోయినసారి సర్వేలో ఒప్పుకున్నవి నాలుగు. టీ ఒక్కటీ రాలేదు.

కషాయాలు వచ్చాయి. ఒక ఇంట్లో ఆకు, ఒక ఇంట్లో గింజ, ఒక ఇంట్లో ఏదో బెరడు. ఒక్కరికీ జబ్బు తగ్గలేదు గానీ అందరికీ మందు తెలుసు. వద్దండీ అన్నాను. తర్వాత ఏమైందో రాయక్కర్లేదు.

జూలై 4

చేదు గ్లాసులు పద్నాలుగు. బాత్రూమ్‌కి తొమ్మిదిసార్లు. అందులో నాలుగు సర్వే చేసిన ఇళ్లలోనే.

జూలై 9

పట్టుబడ్డాను. ఉతకడానికి తీసిన చొక్కా పసరు వాసన కొట్టిందట. మా ఆవిడ నిలదీసింది. పదహారు టీల సంగతి, కషాయాల సంగతి అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చొక్కా బకెట్లో పడేసింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఏది పోసినా కాదనలేవు, ఈ ఇరవై ఆరేళ్లలో నేను అడిగిన ఒక్కదానికైనా సరే అన్నావా బావా అంది.

ఆలోచించాను. ఒకటి గుర్తొచ్చింది. పెళ్లికి అన్నాను కదా అన్నాను.

అదీ మా నాన్న మొహం చూసి అన్నావు అంది.

జూలై 10, ఉదయం 7

రండి, కూర్చోండి అని వంటింట్లోంచి వినబడింది. ఎవరో వచ్చారనుకుని చొక్కా వేసుకున్నాను. ఎవరూ లేరు. నన్నే. పంచదార లేకుండా కలిపాను, ఏమీ అనుకోకండి, మీకు ఇబ్బంది లేదు కదా అంది మా ఆవిడ. అబ్బే, పర్వాలేదండీ అన్నాను. ఏమన్నానో తాగేశాక గానీ తెలియలేదు.

అదే రోజు, సాయంత్రం 7

మొహమాటపడకండి అంటూ ఉడికించిన కూరగాయలు రెండుసార్లు వడ్డించింది. తిన్నాను. మీకు శ్రమ కాకపోతే వీధి చివరిదాకా నడిచొద్దామా అంది. వద్దండీ అన్నాను. చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది.

జూలై 14

బయటికి కూడా ఒక మాట నేర్పి పంపింది. మా ఆవిడ ఊరుకోదండీ. పని చేస్తోంది. కషాయం గ్లాసు సగం దారిలో ఆగిపోతుంది. మగవాళ్లు జాలిగా చూస్తారు. ఆడవాళ్లు ఆవిడ పేరు అడుగుతారు. ఫారాలు నిండుతున్నాయి. టిక్కుమార్కు కూడా ముందుకు జరిపిన టీ వెనక్కి జరుపుకుని, మా ఇంట్లోనూ ఇదే గొడవయ్యా అన్నాడు.

ఆగస్టు 8

మూడు కిలోలు తగ్గాను.

ఇరవై తొమ్మిది రోజులుగా ఇంట్లో నన్నెవరూ తిట్టలేదు. తడి తువ్వాలు కావాలనే మంచం మీద పడేశాను. మరిచిపోయినట్టున్నారండీ అని తీసి ఆరేసింది. ఇల్లు సత్రంలా ఉంది. నా కుర్చీలో నేనే అంచున కూర్చుంటున్నాను. ఆవిడకూ సుఖంగా లేదు. తిట్లు మింగుతుంటే గొంతు కదలడం కనిపిస్తోంది.

ఇక చాలు, నువ్వు అను అన్నాను. అంటే మీరు మళ్లీ నా మాట వినరండీ, సెప్టెంబర్ దాకా ఓపిక పట్టండి అంది. బావా అని కూడా అనలేదు.

ఆగస్టు 21

మధ్యాహ్నం కునుకులో నువ్వు అంది. మిగతాది వినబడలేదు. తిట్టే అయ్యుంటుంది.

సెప్టెంబర్ 4

ఏడు పాయింట్ మూడు. ఇంజెక్షన్ లేదు.

ఆస్పత్రి మెట్ల మీద, ఆ ఫైలు తిన్నగా పట్టుకోలేవా బావా, నీకెన్నిసార్లు చెప్పాలి అంది.

పట్టుకోను పో అన్నాను.

ఇంటిదాకా నడిచే వచ్చాం.