ఇంట్లో మిగిలిన ముడి

నవంబర్ 5

ప్రణాళి మాట మార్చలేదు. కాన్పు ఇంట్లోనే అంటోంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మా పద్ధతే. కానీ పుట్టిల్లంటే పుట్టిన ఊళ్ళో హాస్పిటల్ అనే ఇన్నాళ్ళూ నా లెక్క. నువ్వు దేవుని కాడ గంట కొడుతుంటే వినుకుంట కంట అమ్మా, అన్నది. నాకు భయం. భయమేసినప్పుడు నా గొంతు ఇంకా చిన్నదవుతుంది.

నవంబర్ 8

దీపాలి వచ్చింది. కాన్పులు చేసే నర్సు, హైదరాబాద్‌లో మిడ్‌వైఫ్ ట్రైనింగ్ అయింది. నన్ను మరాఠీలో కాకూ అంటుంది, పిన్నీ అని. వెనక గదిలో మంచం గోడకు దూరంగా జరిపించింది. ఆక్సిజన్ సిలిండర్ పెట్టించింది. పాత నూలు చీరలు ఉడకబెట్టి, ఎండబెట్టి, ఇస్త్రీ చేయమన్నది. బీపీ మంచిగనే ఉంది, తల కిందికే తిరిగింది, గాని ఒక్క మాట ముందే చెప్తున్న కాకూ, అన్నది. బిడ్డ గుండె సప్పుడు నాకు నచ్చకుంటే లేవుండ్రి అని నేనే అంట. అప్పుడు ఎవ్వరూ నాతోని వాదన పెట్టుకోవద్దు, హాస్పిటల్‌కు పోవుడే.

హాస్పిటల్ పది నిమిషాల దూరం. అక్కడి డాక్టరమ్మతో ముందే మాట్లాడిపెట్టింది. అల్లుడు స్వప్నిల్ కారును రోడ్డు వైపు తిప్పి నిలిపాడు.

వెళ్ళేముందు దీపాలి చిన్న మిషన్ పొట్ట మీద పెట్టి ఆ చప్పుడు నాకూ వినిపించింది. రెండు గుండెలు నా కూతురి ఒక్క ఒంట్లో. వంటింట్లోకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో గుర్తు రాలేదు.

నవంబర్ 9

పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి బాసర అమ్మవారికి ముడుపు కట్టాను. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడితే వచ్చి నీ ముందే విప్పుతాను తల్లీ అని మొక్కాను. దేవుని అరలో పటం వెనక దాచాను. ఎవరికీ చెప్పలేదు.

నవంబర్ 12

కుండల్‌వాడి నుంచి మా అత్తమ్మ వచ్చింది. పేరు సుమిత్రాబాయి. ఇంట్లో కాన్పంటే ప్రణాళి, అల్లుడు, దీపాలి ముగ్గురే సంతోషిస్తారనుకున్నాను, నాలుగో మనిషి దొరికింది. రాగానే కట్టడి పెట్టింది. నొప్పులు మొదలైతే ఇంట్లో తాళాలన్నీ తియ్యాలె, ముళ్ళన్నీ ఇప్పాలె. ఇంట్ల ఏదన్న బిగుసుకోని ఉంటే బిడ్డ ఎట్ల వస్తది, అన్నది.

కింద మాది కిరాణా దుకాణం. గల్లా కూడా తెరవాల్నా అవ్వా, దొంగలకు నేనే చాయ్ పోసి పిలిచినట్టయితది, అన్నారు మావారు. నువ్వు పుట్టిననాడు మీ నాయిన తెరిచిండు, గల్లా ఏం పోలే, నువ్వొక్కనివి తగులుకున్నవ్, అన్నది అత్తమ్మ.

నవంబర్ 15

కార్తిక పౌర్ణమి. గోదావరిలో దీపం వదిలి వచ్చాను. ఇంటి దగ్గర ఒక దీపం ప్రణాళి చేతికిచ్చాను. పొట్ట ముందు పట్టుకుని నిలబడింది. లోపల బిడ్డ కదిలితే మంట ఊగింది.

నవంబర్ 18, ఉదయం

నొప్పులు మొదలయ్యాయి. మా ఊరి గురుద్వారా నుంచి కీర్తన వినిపిస్తోంది. దీపాలి వచ్చేసింది. అత్తమ్మ ఇంటి మీద పడింది.

నవంబర్ 19

నిన్నటిది రాయాలి.

అత్తమ్మ బీరువాలు తీయించింది. దోమతెర తాళ్ళు, దండెం, కర్టెన్లు, ప్రణాళి జడ, నా జడ, ఒక్కటీ వదల్లేదు. అల్లుడి బూట్ల లేసులు విప్పించింది. దుకాణంలో పప్పు బస్తాల సుతిలీ తాళ్ళన్నీ మావారే విప్పారు. ఇన్ని రోజులు జోకులేసిన మనిషి, గల్లా తెరిచి దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. చేతులు కూడా ఇప్పురా, అన్నది అత్తమ్మ. దీపాలి దగ్గరికీ పోయింది. నా గ్లౌజులకు ముళ్ళు లేవు ఆజీ, చూసుకోండ్రి, అని రెండు చేతులూ చూపించింది.

మధ్యాహ్నానికి నొప్పులు సన్నగిల్లాయి. దీపాలి మిషన్ పెట్టి విన్నది, మళ్ళీ విన్నది. గుండె చప్పుడు ఒకసారి తగ్గి మళ్ళీ సర్దుకుందట. ఇంకొక్కసారి తగ్గితే లేవుడే అక్కా, అన్నది. ప్రణాళి తలూపింది. అల్లుడు కారు స్టార్ట్ చేసి ఉంచాడు.

అత్తమ్మ గడపలో నిలబడి అందరినీ అడిగింది. ఇంకా ఏడనో ముడి ఉన్నది, యాది చేసుకోండ్రి.

నాకు తెలుసు అది ఎక్కడుందో.

బాసర చేరకముందే విప్పితే మొక్కు పోయినట్టే. పటం ముందు నిలబడ్డాను. మా ఇంట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా బేరాలే. అమ్మవారితో నేను చేసింది కూడా అదే. ఇది ఇస్తే అది ఇస్తాను. పసుపు గుడ్డ చేతిలోకి తీసుకున్నాను. అమ్మా, షరతు తీసేస్తున్నాను, నీ ఇష్టం, అన్నాను. విప్పాను. రూపాయి కింద పడి దొర్లిపోయింది. వెతకలేదు. గంట అందుకుని కొట్టాను.

వెనక గదిలోంచి ప్రణాళి, ఆపకు అమ్మా, అని అరిచింది.

కొడుతూనే ఉన్నాను. నొప్పులు తిరిగి అందుకున్నాయి. గుండె మళ్ళీ తగ్గలేదు. దీపాలి కేకేస్తే గంట చేతిలో ఉండగానే పరుగెత్తాను. తల కనబడుతోంది. తడి జుట్టు. తర్వాత భుజం, తర్వాత ఒకేసారి మొత్తం మనిషి. ఆడపిల్ల. ఏడ్చింది. అప్పటిదాకా లేని గొంతు మా ఇంట్లో.

బిడ్డను ప్రణాళి గుండె మీద పడుకోబెట్టింది దీపాలి. బొడ్డుతాడు చేతిలో పట్టుకుని చూస్తోంది. తర్వాత మమ్మల్ని దగ్గరికి పిలిచింది.

తాడు మధ్యలో ముడి. నిజంగానే ముడి.

నెలల కింద చిన్నగ ఉన్నప్పుడు ఈదుకుంట ఈదుకుంట తానే వేసుకున్నది కాకూ. స్కాన్‌ల కూడా కనబడలే. బిగుసుకుంటే మాత్రం బిడ్డకు రక్తమే అందకపోతుండె, అన్నది. ముడి కింద తన వేలు పెట్టి చూపించింది. వేలు పట్టేంత వదులు.

ఇల్లంతా విప్పించిన అత్తమ్మ వంగి, ఆ తాడుకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేనూ పెట్టాను. మేమెవ్వరం చేయి పెట్టలేని చోట, ఎవరు పట్టుకుని కూర్చున్నారో దాన్ని బిగియకుండా.

నవంబర్ 30

ఇవాళ ఉయ్యాల కట్టారు. మావారు తాడు పట్టుకుని, ముడి వెయ్యాల్నా వద్దా అన్నట్టు అత్తమ్మ వైపు చూశారు. అత్తమ్మ తాడు లాగి చూసింది. గట్టిగ వెయ్, ఇంకోటి వెయ్, అన్నది.