ఆ సోలో నాది కాదు

కర్నూలు, ఆదివారం

మాటల్లేని నా సింథసైజర్ పాటను ఈ పొద్దు మస్తాన్ మామకు వినిపించాను. జాజ్‌లా మెత్తగా మొదలై, రాక్‌లా ఏడు దెబ్బల తాళంలోకి మళ్లే పాట. నడుమ సోలో రెండు వారాలుగా నాకు కుదరడం లేదు. నాకు కీబోర్డు నేర్పింది మామే, పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయిస్తాడు. ఎప్పటిలాగే శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి, కీబోర్డును తనకొచ్చిన ఒక్క స్కేల్‌కు తెచ్చుకున్నాడు.

"పాడేటోళ్లు యాడ శ్రుతి మారుస్తారో తెల్దు పాపా, మాకు ఈ బటనే దిక్కు" అని నవ్వి, ఆ సోలో ఒక్క ఊపులో వాయించాడు. రికార్డు చేసుకున్నాను.

అంతలో కాలేజీ స్నేహితులు వచ్చి ఆ రికార్డింగు విన్నారు. "ఈ సోలో నువ్వేనా వాయించింది?" అంది స్వాతి. బటన్ నొక్కే పెళ్లి కీబోర్డాయన అని చెప్పడానికి నామోషీ వేసి, "ఊఁ" అన్నాను. మామ పక్కనే టీ తాగుతున్నాడు.

"మా పాప శానా కష్టపడతాండాది" అన్నాడు వాళ్లతో.

పోయేటప్పుడు చెప్పులు వేసుకుంటూ నాతో మెల్లగా అన్నాడు: "ఆఖర్లో ఒక చోట నా వేలు జారింది. నీ పేరుతో పోతాండాది కదా, సరిచేసుకో."

ఆ చోటు ఇప్పటికి పదిసార్లు వాయించి చూశాను. నాకు రావడం లేదు. స్వాతికి ఫోన్ చేసి నిజం చెప్పడం అంతకంటే రావడం లేదు...