ఇద్దరికి సరిపోయే ఇల్లు

ప్రియమైన పిచ్చుకా,

ఫోన్‌లో అయితే నేనే మాట్లాడేస్తాననీ, ఉత్తరమైతే ఎవరి వంతు వాళ్ళకుంటుందనీ పట్టుబట్టావుగా, ఇదిగో మొదటి ఉత్తరం. చేతిరాత చూసి నవ్వకు. రోజంతా కట్టుడు పళ్ళు చెక్కే చెయ్యి, కలం పట్టడం మర్చిపోయింది.

ల్యాబ్ బాగానే ఉంది. పదకొండు మందిమి, ఎవరి బల్ల వాళ్ళది. అందరం మాస్కులు కట్టుకునే ఉంటాం. పక్క బల్లవాడికి మీసం ఉందని నాకు ఆరో రోజున తెలిసింది! పని నచ్చిందని మా మేస్త్రీ అన్నాడు.

ఇక ఇంటి సంగతి. ల్యాబ్ వాళ్ళిచ్చిన గదిలో నలుగురం సర్దుకుంటున్నాం. రెండు నెలలు దాటితే ఉండనివ్వరు. ఈలోగా మనకి ఇల్లు చూడాలి. మధ్యాహ్నం భోజనానికి ముప్పావు గంట ఇస్తారు. అదే నా ఇళ్ళవేట సమయం. బ్రోకరు ఫోన్ చేసి "ఇప్పుడొస్తే ఉంది సార్, సాయంత్రానికి ఉండదు" అంటాడు. పరుగెత్తుతాను. నిన్న చూసినదానిలో వంటగది తలుపు మూస్తే గానీ ఫ్రిజ్ తలుపు తెరుచుకోదు. అలమర ఎత్తు చూశాను, నీ చెయ్యి అందదు. వద్దనేశాను. తిరిగి బల్ల దగ్గరికొచ్చేసరికి తినడానికి ఆరు నిమిషాలు మిగిలాయి.

తొందరలోనే దొరుకుతుంది. సామాను సర్దడం మొదలుపెట్టు.

నీ పళ్ళమేస్త్రి


ప్రియమైన శ్రీవారికి,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. ఏవో పనులు. కాగితం చివర జిగురు అంటింది, పట్టించుకోకండి.

తొందరపడి ఏదో ఒకటి ఒప్పేసుకోకండి. ఎండ రావాలి. రోడ్డు చప్పుడు ఉండకూడదు. మెట్లు ఎక్కువ ఉండకూడదు, అలాగని కింది వాటా కూడా వద్దు. నిదానంగా చూడండి. నాకిక్కడ ఇబ్బందేమీ లేదు.

తిండి మానకండి.

మీ పిచ్చుక


ప్రియమైన పిచ్చుకా,

నువ్వు చెప్పిన ఇల్లు ఈ ఊళ్ళో ఇంకా కట్టినట్టు లేరు. ఎండ వచ్చేచోట రోడ్డు ఉంటోంది, రోడ్డు లేనిచోట పగలే దీపం వెయ్యాలి. అయినా తిరుగుతున్నాను. ఇప్పటికి పదమూడు చూశాను.

తొమ్మిదో ఇంటి ముసలాయన కథ విను. ఏం పనయ్యా అన్నాడు. కట్టుడు పళ్ళు చేస్తానన్నాను. వెంటనే నోట్లోంచి పళ్ళసెట్టు తీసి నా చేతిలో పెట్టి, "చిగురు కోసేస్తోంది నాయనా" అన్నాడు. ల్యాబ్‌కి తెచ్చి, అరగదీసి, మెరుగుపెట్టి మర్నాడు పట్టుకెళ్ళాను. పెట్టుకుని దవడ అటూ ఇటూ ఆడించి, "ప్రాణం లేచొచ్చింది" అన్నాడు. ఇల్లు మాత్రం ఆ పొద్దున్నే వేరేవాళ్ళకి ఇచ్చేశాడట. ఆ మాట చెప్తూ నేను సరిచేసిన పళ్ళతోనే నవ్వాడు.

ఇళ్ళలోకి వెళ్తుంటే ఒకటి గమనించాను. ఖాళీ ఇళ్ళలో పర్లేదు. ఇంకా ఖాళీ చెయ్యని ఇళ్ళకి వెళ్ళినప్పుడే కష్టం. ఎవరో తడి జుట్టుతో అన్నం తింటుంటారు, ఎవరో పిల్లకి చెప్పులు తొడుగుతుంటారు. నేను గోడలు చూస్తున్నట్టు నటిస్తూ వాళ్ళని చూస్తాను. బయటికొచ్చాక గోడ ఏ రంగో గుర్తుండదు.

అసలు సంగతి చివర్లో చెప్దామని దాచాను. నిన్న చూసినది మన ఇల్లే! రెండో అంతస్తు, రెండు గదులు, పొద్దుటి ఎండ, వెనకవైపు వీధి. అలమర నీ భుజం ఎత్తులోనే ఉంది. ఇంటావిడ "మీ ఆవిడ్ని కూడా చూడాలి, ఆదివారం ఇద్దరూ రండి, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వను" అంది. ఈ మాట ఈ ఊళ్ళో ఎవరూ అనరు. ఆదివారం పొద్దుటి బండికి వచ్చెయ్యి. స్టేషన్‌లో ఉంటాను.

నీ పళ్ళమేస్త్రి


ప్రియమైన పిచ్చుకా,

ఆదివారం మూడు బళ్ళు చూశాను. మూడింటిలోనూ నువ్వు దిగలేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మర్నాడు ఎదురింటావిడకి చేస్తే "బాగానే ఉందండీ, పనికెళ్ళింది" అంది. ఏం పని? నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇంటావిడ సాయంత్రం దాకా ఆగింది. ఆ తరవాత ఇంకెవరో జంట వచ్చారు.

సోమవారం పనిలో పై పళ్ళకి పెట్టాల్సిన వరస కిందికి పెట్టాను. పద్దెనిమిదేళ్ళలో ఎప్పుడూ చెయ్యని తప్పు. మేస్త్రీ తిట్టలేదు. నా చేతిలోంచి పనిముట్టు తీసేసుకుని "ఇటివ్వు, నేను చేస్తాలే" అన్నాడు. అంతమందిలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కోపం లేదు. ఒంట్లో బాగులేదా? నావల్ల ఏదైనా తప్పా? ఒక్క ముక్క రాయి.

నీ
నేను


ప్రియమైన శ్రీవారికి,

ఆదివారం సంచి సర్దుకున్నాను. స్టేషన్‌కి కూడా వచ్చాను. బండి వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. నేను బల్ల మీదే కూర్చున్నాను.

మీరు వెళ్ళిన రెండో వారంలో మన మేడ కింద బైండింగ్ షాపు పెద్దావిడ, పుస్తకాలు కుట్టడానికి సాయం రమ్మంది. ఊసుపోక వెళ్ళాను. చెయ్యి కుదిరింది. విడిపోయిన పాత పుస్తకాలు తెస్తారండీ, పుటలన్నీ సరిచేసి, దారంతో కుట్టి, జిగురు పూసి, బరువు కింద పెడతాం. మర్నాడు తీస్తే గట్టిగా నిలబడుతుంది. ఆవిడకి చూపు మందగించింది. "నువ్వు చూసి చెప్పమ్మా, నువ్వు సరేనంటే సరే" అంటుంది. మన పెళ్ళైన పదహారేళ్ళలో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. పోయిన నెల షాపు నన్నే నడపమంది. ఒప్పుకున్నాను.

మిమ్మల్ని అడగలేదు. అడిగితే మీరు కాదనరు. నవ్వి, "నీకెందుకే ఈ శ్రమ" అంటారు. ఆ ఒక్క మాటకి నేను మానేస్తాను. ఎన్ని మానేశానో నాకు గుర్తుంది, మీకు గుర్తులేదు.

ఇల్లు దొరకలేదని మీరు రాసినప్పుడల్లా నాకు ఊపిరి ఆడేది. వెంటనే సిగ్గేసేది. నాకోసం మీరు పస్తులుండి అలమరలు కొలుస్తుంటే, నేను ఎండా మెట్లూ అని వంకలు రాశాను. మీరు చెడ్డవారైతే ఈ ఉత్తరం ఎప్పుడో రాసేదాన్ని.

నేను రాలేను. మీ ఒక్కరికే ఇల్లు చూసుకోండి. దాని అర్థం ఏమిటని అడక్కండి, నాకింకా తెలియదు.

ఇట్లు,
నేను


ప్రియమైన నీకు,

నీ ఉత్తరం నాలుగు రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. రెండు జవాబులు రాసి చించాను. మొదటిదాంట్లో నీ తప్పులన్నీ రాశాను. రెండోదాంట్లో నావి. అది ఎంతకీ తెగలేదు.

"నీకెందుకే ఈ శ్రమ" అని ముద్దుగానే అనేవాణ్ణి. మేస్త్రీ కూడా ఆ రోజు నా మీద దయతోనే పనిముట్టు తీసుకున్నాడు. అలాంటి దయ ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

మొన్న బట్టలుతికే షాపు పైన ఒక వాటా ఉందంటే వెళ్ళాను. ఇంటావిడ నర్సు, డ్యూటీకి వెళ్ళే తొందరలో ఉంది. "ఎంతమంది?" అంది. ఇన్నాళ్ళూ అందరికీ చెప్పిన "ఇద్దరం" అన్న మాటే నోటిదాకా వచ్చింది. "ఒక్కణ్ణే" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. తాళంచెవి ఇచ్చేసింది. ఈ ఊళ్ళో ఇంత తేలిగ్గా ఇల్లు దొరుకుతుందని నాకు తెలియదు.

నిన్న సంచీ తెచ్చుకుని ఊడ్చుకున్నాను. సామాను లేదు కదా, గోడకి ఆనుకుని కూర్చున్నాను. గోడ అవతల ఎవరో దగ్గారు. నేనూ దగ్గాను. అవతల మనిషి మళ్ళీ దగ్గాడు. ఈ ఊరొచ్చాక పని గురించీ ఇంటి గురించీ కాకుండా ఒకరితో నాకు జరిగిన సంభాషణ అదే.

వచ్చే నెల నాకు రెండు రోజులు సెలవుంది. నువ్వు పుస్తకాలు కుట్టడం చూడాలని ఉంది. దుకాణంలో ఓ పక్కన కూర్చుంటాను, మాట్లాడను. సాయంత్రం బండికి వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాను.

రానా?

వస్తున్నానని చెప్పడం లేదు, అడుగుతున్నాను. నీకు రాయాలనిపించినప్పుడే జవాబు రాయి. కవరు మీద కొత్త చిరునామా ఉంది.

ఎదురుచూస్తూ,
నేను