కింది నుంచి జవాబు

తాండూరు,
ఆదివారం.

ప్రియమైన దేవమ్మకు,

నీ వదిన కస్తూరి దీవించి రాసేది. ఇన్నేళ్లూ ప్రతి ఉత్తరంలో నీ పేరుకు ముందు "సౌభాగ్యవతి" అని రాసేదాన్ని. ఈసారి ఆ మాట దగ్గర కలం ఆగిపోయింది. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. ఫోన్‌లో చెబుదామంటే మీ అన్న నా కొంగు పట్టుకునే తిరుగుతున్నాడు. మతి పోయింది గానీ చెవులు మాత్రం పాము చెవులు. కుట్టుమిషను ఆపి, కూర్చుని చదువు.

ఆయన జబ్బు సంగతి నీకు తెలిసిందే. ముందు లెక్కలు మరిచాడు, తర్వాత ఇంటి దారి మరిచాడు, ఇప్పుడు నన్ను. పొద్దున లేస్తూనే "ఏమమ్మా, మా కస్తూరి ఏడవోయింది?" అని నన్నే అడుగుతాడు. నేనేనయ్యా అంటే నా తెల్లజుట్టు చూసి నవ్వుతాడు. ఆయన కస్తూరి ఇంకా జడలో పూలు పెట్టుకునే పడుచుపిల్ల. సవతి పోరు గురించి విన్నాను గానీ, నాకు నేనే సవతినవుతానని ఎన్నడూ అనుకోలేదు.

ఇంకొకటి, తట్టడం. వేళ్ల కణుపులతో గోడ తడతాడు, తలుపు తడతాడు, అన్నం కంచం తడతాడు, నీళ్ల సంపు మూత తడతాడు. తట్టి, చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి ఉంటాడు. బండల వ్యాపారం చేసిన మనిషి కదా, నాపరాయిని తట్టి పగులు ఉందో లేదో చూసే అలవాటు పోలేదని నవ్వుకునేదాన్ని.

నాలుగు గోడల మధ్య ఉంచకండి, బయట తిప్పండి అని వికారాబాద్ డాక్టరు చెప్పాడు. మా వినీత కోట్‌పల్లి ప్రాజెక్టులో మోటారు పడవ షికారుకు టికెట్లు తీసింది. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశే. పెళ్లయిన కొత్తలో పడవ ఎక్కిస్తానని మాటిచ్చిన మనిషి, వినీత పుట్టినప్పటి నుంచి నీళ్ల దరికే పోలేదు. పుష్కరాలకు పోతే అందరూ మునిగారు, ఈయన గట్టు మీద నిలబడి చెంబుతో పోసుకున్నాడు. పిల్లి స్నానమని ఎన్ని ఏళ్లు ఏడిపించానో. అన్నీ మరిచినవాడు ఆ భయం కూడా మరిచి ఉంటాడులే అనుకున్నాను.

మొదట బాగానే ఉంది. చుట్టూ అడవి పచ్చగా ఉంది, గాలి చల్లగా తగులుతోంది. పడుచువాళ్లు ఫోటోలు దిగుతున్నారు. మీ అన్న నా చెయ్యి పట్టుకున్నాడు, ఎవరి చెయ్యి అనుకున్నాడో గానీ గట్టిగానే పట్టుకున్నాడు. నాకు సంతోషంగా ఉండింది దేవమ్మా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

నీళ్ల నడుమకు పోయాక, అందరూ తీరిగ్గా చూసుకుంటారని పడవవాడు మోటారు ఆపాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది. మీ అన్న లేచాడు. మోకాళ్ల మీద కూర్చుని పడవ అడుగును రెండుసార్లు తట్టాడు. చెవి ఆనించాడు. మళ్లీ రెండు తట్టాడు. లేవయ్యా, అందరూ చూస్తున్నారని చెయ్యి పట్టి లాగాను. నా వైపు తిరిగిన ఆ ముఖం పడుచువాడి ముఖం. భయంతో పాలిపోయి ఉంది.

"జర సప్పుడు జెయ్యకమ్మా. బామ్మర్ది కిందున్నడు. మోటర్ తీస్తనని దిగిండు. కొడుతనే ఉన్న, జవాబియ్యడు."

ఏ బామ్మర్ది అని అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేది.

"నాకున్నదొక్కడే. హనుమంతు."

బండల గని పద్ధతి నీకు తెలుసు కదా. పైన ఉన్నవాడు రాతి మీద సుత్తెతో రెండు దెబ్బలు కొడితే, కింద ఉన్నవాడు తిరిగి రెండు కొట్టాలి, బాగానే ఉన్నానని. ఇన్నాళ్లూ మా ఇంట్లో ఆయన తడుతున్నది రాయి మంచిదో కాదో చూడటానికి కాదు. నా తమ్ముణ్ని, నీ మొగుణ్ని పిలుస్తున్నాడు.

హనుమంతు బొంబాయి పోలేదమ్మా. గొడవపడి చెప్పాపెట్టకుండా పోయాడన్నది ఈయన అల్లిన కథ. ఆ వానాకాలం పని ఆగిపోయి, గని గుంతలో నీళ్లు ఊరుతుంటే, నీళ్లు తోడే మోటారు మునిగిపోతుందని నా తమ్ముణ్ని దింపి ఉంటాడు. వాడు పైకి రాలేదు. ఈయన ఇంటికి వచ్చి నాతో అన్నం తిన్నాడు. కొడుకు వస్తాడని మా అమ్మ చచ్చేదాకా తలుపుకు గడియ పెట్టనివ్వలేదు. నువ్వేమో లేని మొగుడి పేర గాజులు మార్చుకుంటూ, బొట్టు దిద్దుకుంటూ, ఆ కుట్టుమిషను మీద జీవితమంతా వంగిపోయావు. ఇదంతా ఈయన కళ్లారా చూశాడు. నోరు విప్పలేదు.

వినీత కడుపులో ఉన్నప్పుడు నా కాన్పు చల్లగా జరగాలని తిరుపతి పోయి గుండు చేయించుకుని వచ్చిన మనిషి. ప్రసాదమేదయ్యా అంటే దారిలో పంచేశానన్నాడు. ఎంత మురిసిపోయానో. ఆ మనిషీ ఈ మనిషీ ఒకరేనా అని చూస్తూ కూర్చుంటున్నాను.

ఇప్పుడు ఆయన తడితే చెవులు మూసుకుంటున్నాను. సంపు మూత మీద పెద్ద బండ పెట్టించాను. అయినా వంటింట్లో నిలబడితే కాళ్ల కింద ఎవరో తడుతున్నట్టే ఉంటోంది. ఆయనకు నా చేత్తో ముద్ద పెట్టడం మానేశాను. కంచం ముందు పెట్టి అవతలికి పోతున్నాను; అలాగే చూస్తూ కూర్చుంటాడు, తినడం తెలియదు. హైదరాబాద్‌లో ఇలాంటివాళ్లను ఉంచుకునే చోటు చూడమని వినీతకు చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

నువ్వే చెప్పు. నిన్ను ఇంత మోసం చేసిన మనిషికి నేను అన్నం కలిపి పెట్టాలా?

నీ వదిన,
కస్తూరి

•

బొంరాస్‌పేట,
శుక్రవారం.

వదినకు దేవమ్మ నమస్కారాలు.

అన్నను ఎక్కడికీ పంపకు. ముందు లేచి ఆయనకు అన్నం పెట్టి, తర్వాత మిగతాది చదువు.

నాకు తెలుసు వదినా. మొదటి రోజు నుంచీ తెలుసు. మోటారు తీస్తానని మొండికేసి దిగింది మా ఆయనే. అన్న వద్దంటూనే ఉన్నాడట. నీ తమ్ముడి మొండితనం నీకు నేను చెప్పాలా? అన్న రెండుసార్లు దూకాడు, అందలేదు. తర్వాత ఒడ్డున కూర్చుని రాయి కొడుతూనే ఉన్నాడు. చీకటి పడ్డాక ఇంటికి వచ్చి నీ ముందు ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. తెల్లవారకముందే నా దగ్గరికి వచ్చాడు. నన్ను సొంత చెల్లెలిలా పక్కకు పిలిచి, గడప మీద కూలబడ్డాడు.

"చెల్లె, కస్తూరికి నెలలు నిండినయి. గిప్పుడు చెప్తే ఇద్దరూ దక్కరు. కాన్పు కానీ, నేనే చెప్త."

అప్పటికి రెండుసార్లు నీ కడుపు నిలవలేదు. నేనూ సరే అన్నాను. ఇద్దరం గని దగ్గరికి పోయేసరికి మా ఆయన పైకి తేలి ఉన్నాడు. అన్నే ఒడ్డుకు తెచ్చి, భుజాన వేసుకుని, బండల లారీలో కర్ణాటకలో సేడం అవతల మా తల్లిగారి ఊరికి చేర్చాడు. మా నాయన ఉన్నా, నా బామ్మర్ది అని అన్నే కొరివి పెట్టాడు. గుండు అక్కడ చేయించుకున్నాడు వదినా. తిరుపతి పోలేదు. ప్రసాదం ఎక్కడి నుంచి తెస్తాడు?

వినీత పుట్టింది. నువ్వు పచ్చి బాలింతవు. తర్వాత అత్తమ్మ మంచం పట్టింది, కొడుకు వస్తాడన్న ఆశ తప్ప ఆమెకు వేరే మందు లేదు. ఆమె పోయేనాటికి, ఇంత ఆలస్యంగా ఏ ముఖంతో చెప్పాలో మా ఇద్దరికీ తెలియలేదు. అన్న చెబుతానంటే చాలాసార్లు నేనే ఆపాను. కోపం ఉంటే సగం నా మీద పెట్టుకో. ప్రతి వానాకాలం బండల లోడని నీకు చెప్పి, నన్ను తీసుకుని పోయి, అక్కడ దీపం పెట్టించి తెచ్చేవాడు.

బొట్టు అంటావా, అది నన్నెవరూ మోసం చేసి పెట్టించింది కాదు. మొదట అత్తమ్మ కోసం ఉంచుకున్నాను. తర్వాత ఊరి చూపులకు భయపడి ఉంచుకున్నాను. ఇప్పుడు నా ఇష్టం. నువ్వు ఎప్పటిలాగే రాయి.

నాకు ఏడుపు వచ్చింది ఒక్క మాటకే. అన్న మతిలో ఆ గుంత ఒడ్డు ఒక్కటే మిగిలింది. పైకి తెచ్చింది, మోసింది, కొరివి పెట్టింది, అంతా పోయింది. పాపం, ఇంకా అక్కడే కూర్చుని రాయి కొడుతున్నాడు. ఈసారి తడితే నువ్వు జవాబు కొట్టు వదినా. వచ్చిండని చెప్పు. అబద్ధం కాదు, నిజంగానే వచ్చాడు కదా.

నీ మరదలు,
దేవమ్మ

•

తాండూరు,
బుధవారం.

చిరంజీవి సౌభాగ్యవతి దేవమ్మకు, నీ వదిన దీవెనలు.

నీ మీద కోపం సగం కాదు, నిండా ఉంది. వచ్చినప్పుడు తీర్చుకుంటాను. తమ్ముడి కోసం ఇన్నేళ్లు దాచుకున్న ఏడుపంతా ఏడ్చాను. చేతులు కడుక్కుని అన్నం కలిపి ఆయనకు పెట్టాను. వినీతకు ఫోన్ చేసి ఏ చోటూ చూడొద్దన్నాను.

నిన్న నేను వంటింట్లో ఉంటే, అవతలి నుంచి ఆయన గోడ తట్టాడు. రెండు దెబ్బలు. పచ్చడి బండ తీసుకుని ఇవతలి నుంచి రెండు కొట్టాను. గోడ పట్టుకుని మెల్లగా వంటింట్లోకి వచ్చాడు. వచ్చిండయ్యా, పైకి వచ్చిండు, నువ్వే తెచ్చినవు అన్నాను. అక్కడే కింద కూర్చుండిపోయాడు. భుజం మీది తువ్వాలుతో ముఖమంతా తుడుచుకున్నాడు. తర్వాత ఇటూ అటూ చూసి, నన్ను దగ్గరికి రమ్మని, ఎవరో పరాయి ఆడమనిషిని బతిమాలినట్టు బతిమాలాడు.

"అమ్మా, జర మా కస్తూరికి చెప్పకు. నెలలు నిండినయి."

చెప్పనని మాటిచ్చాను.

నీ వదిన,
కస్తూరి